ఉల్లికాడలు ఎలా కోయాలి? కూర జిగురవుతోంది, ఇసుక తగులుతోంది

పప్పుగుత్తి అడిగారు:

ఉల్లికాడల సంగతి బాగా తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. శనగపిండి చల్లి పొడికూర చేస్తే ముద్దగా, జిగురుగా వస్తోంది. పచ్చదనం పోయి బురదరంగుకి తిరుగుతోంది. తింటుంటే అక్కడక్కడ ఇసుక, మధ్యమధ్య నమలలేని పీచు. పచ్చడి చేస్తే చేదు.

నేను చేసేది ఇది: కట్ట విప్పకుండానే కుళాయి కింద కడిగి, వేర్లు తీసేసి, అన్నీ కలిపి సన్నగా తరిగి, పోపులో ఒకేసారి వేసి మూతపెడతాను. ఇందులో ఏది మార్చాలి? తెల్లభాగం, పచ్చభాగం విడివిడిగా వండాలా? ఎంత సైజు ముక్కలు కోయాలి? అడుగున పాయలు కొన్ని గోలీలంత, కొన్ని నిమ్మకాయంత ఉంటున్నాయి, వాటినేం చేయాలి? కోశాక కడగాలా, కడిగాక కోయాలా?

---

కత్తిపీట:

పప్పుగుత్తి గారూ, ముందు శుభ్రం చేయడం, కోయడం గురించి చెబుతాను. వండడం దగ్గర మీకున్న ఇబ్బందుల్లో సగానికి పైగా ఇక్కడే మొదలవుతున్నాయి.

కట్ట విప్పకుండా కడిగితే ఇసుక పోదు. ఉల్లికాడలో ఆకులు ఒకదాన్నొకటి చుట్టుకుని పెరుగుతాయి. తెల్లభాగం అయిపోయి ఆకులు విడివిడిగా చీలే చోట ఒక సందు ఉంటుంది చూడండి, మట్టి అంతా అక్కడే దాక్కుంటుంది. చిన్న చిన్న పురుగులుంటే అవీ అక్కడే. ఇంకో చోటు కూడా ఉంది. ఆకు లోపల గొట్టం కదా, కొస విరిగిన ఆకుల్లోకి వానకి చిందిన బురదనీళ్లు దిగి ఎండిపోతాయి. పైపైన నీళ్లు పోస్తే ఈ రెండు చోట్లకీ చేరవు.

కట్టకున్న రబ్బరుబ్యాండు లేదా తాడు తీసేసి కాడలన్నీ పరవండి. పండుబారినవి, వడలి వేలాడేవి, కొస ఎండినవి ముందు గిల్లేయండి. ఎండిన కొసతో పాటు దాని కింద ఒక సెంటీమీటరు పచ్చి ఆకు కూడా పోవాలి. అలా చేస్తే విరిగిన గొట్టం తెరుచుకుని లోపల మట్టి ఉందో లేదో కనిపిస్తుంది. ఆకు మీద వెండిరంగు సన్న చారలుంటే అది తామరపురుగు గీకిన గుర్తు, ఆకు తినడానికి పనికొస్తుంది. ఊదారంగు మచ్చ, దాని చుట్టూ పసుపు అంచు ఉంటే తెగులు. ఆ ఆకు మొత్తం తీసేయండి. పైన తడితడిగా జారుతూ, పట్టుకుంటే వాసన కొడుతుంటే కుళ్లు మొదలైనట్టే, ఆ కాడని పూర్తిగా పారేయండి. గొట్టం లోపల ఉండే తేట జిగురు వేరు, అది సహజంగా ఉండేదే.

తర్వాత వేరు. వేర్లు పుట్టే గుండ్రటి గట్టి బిళ్ల దగ్గరే, రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే కోయండి. అర అంగుళం కోసి పారేస్తే బాగా రుచి ఉండే భాగాన్ని పారేసినట్టే. వేరు తెగిన చోట పట్టి లాగితే పైపొర ఒక్కటి ఆకుతో సహా ఊడి వస్తుంది. ఆ పొర తీసేస్తే మట్టి చాలావరకు దానితోనే పోతుంది. పొర తీయడానికి బద్ధకించవద్దు, పీచు కూడా ఎక్కువగా ఈ పైపొరలోనే ఉంటుంది.

ఇప్పుడు కాడలు చీలే ఆ సందుని వేళ్లతో కొద్దిగా తెరిచి, వెడల్పాటి గిన్నెలో నిండా నీళ్లు పోసి అందులో ముంచి ఆడించండి. రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలితే ఇసుక అడుక్కి దిగుతుంది. ఆ తర్వాత కాడల్ని చేత్తో పైకి తీయండి. గిన్నెని చిల్లుల గిన్నెలోకి వంచితే అడుగున ఉన్న ఇసుకంతా మళ్లీ కాడల మీదే పడుతుంది. నీళ్లు మార్చి ఇంకోసారి చేయండి. అడుగు తేటగా కనిపించేదాకా ఎన్నిసార్లయినా సరే. ఎక్కువ కట్టలకి రెండుసార్లు చాలు, వానాకాలం సరుకుకి మూడోసారి అవసరమవుతుంది.

కడిగాకే కోయాలి. కోశాక కడిగితే తెగిన ప్రతి గొట్టంలోకీ నీళ్లు చేరతాయి, ఘాటూ రుచీ ఆ నీళ్లలో పోతాయి. పైగా ఆ నీళ్లే మీ కూరని ముద్ద చేస్తాయి. కడిగిన కాడల్ని తెల్లభాగం పైకి, ఆకులు కిందికి ఉండేలా చిల్లుల గిన్నెలో వాల్చి ఓ ఇరవై నిమిషాలు ఉంచి, పొడి నూలుగుడ్డతో తుడవండి.

కాడని మూడు భాగాలుగా చూడండి. అడుగున తెల్లటి పాయ, దాని పైన లేతాకుపచ్చ గట్టి కాండం, ఆ పైన ముదురాకుపచ్చ గొట్టాలు. వండేటప్పుడు మొదటి రెండూ ఒక జట్టు, మూడోది వేరు. పాయకీ ఆకుకీ ఉడికే సమయంలో రెండు మూడు నిమిషాల తేడా ఉంటుంది, అందుకని కోసేటప్పుడే రెండు గిన్నెల్లోకి వేసుకోండి.

పాయ గోలీ సైజులో ఉంటే నిలువుగా రెండు చెక్కలు చేసి అడ్డంగా సన్నగా తరగండి. నిమ్మకాయంత ఉంటే అది మామూలు చిన్న ఉల్లిపాయ కిందే లెక్క. పై పొర ఒలిచి నాలుగు చెక్కలు చేసి తరగండి. గోలీలంత చిన్నవైతే కోయకుండా అలాగే పులుసులో వేసినా బాగుంటాయి, అడుగున ప్లస్ గుర్తులా చిన్న గాటు పెడితే పులుపు లోపలిదాకా పడుతుంది.

ఆకుల్ని కోసేటప్పుడు అయిదారు కాడలు వేరు వైపు సమానంగా సర్ది గుప్పిట్లో పట్టుకోండి. ఒకేసారి కట్టంతా పట్టుకుంటే గొట్టాలు ఒకదానిమీద ఒకటి జారి ముక్కలు సగం తెగి దండలా వేలాడతాయి. కత్తిని పైనుంచి నొక్కకండి, ముందుకి జరుపుతూ కోయండి. నొక్కితే గొట్టం చదునై లోపలి జిగురు బయటికొస్తుంది. మొండికత్తితో కోసిన ముక్కల అంచులు తడిగా, ముదురుగా మారతాయి, కాసేపటికే వాసన మారిపోతుంది. కత్తిపీట మీదైతే గుప్పిటని అలుగుకేసి మెల్లగా తోస్తూ కోయండి. అలుగుకి పదునుంటే ఆకుకూరలన్నిటికీ దాన్ని మించిన సాధనం లేదు. పైన చల్లుకోడానికి కొంచెమే కావాలంటే కత్తెరతో నేరుగా గిన్నె మీద కత్తిరించుకోవచ్చు, గొట్టం అసలు నలగదు.

సైజు సంగతి: పొడికూరకి ఆకు ముక్క ఒక సెంటీమీటరు ఉండాలి. మీరన్నట్టు సన్నగా తరిగితే తెగిన అంచులు ఎక్కువై నీరూ జిగురూ ఎక్కువ ఊరతాయి. గుడ్డు పొరటుకి అర సెంటీమీటరు. ఫ్రైడ్ రైస్‌కి మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఎండురొయ్యలు, టమాటా కూరల్లాంటి వాటికి అంగుళం ముక్కలు, ఎందుకంటే ఉడికాక అవి సగానికి ముడుచుకుపోతాయి. నూడుల్స్, సూపుల్లోకి ఏటవాలుగా కోస్తే తెగిన ముఖం పెద్దదై త్వరగా వేగుతుంది. ఎంత ముదురు ఆకైనా పీచు నిలువుగానే ఉంటుంది కాబట్టి అడ్డంగా చిన్నగా కోస్తే పంటికి తగలదు. నిలువుగా చీల్చడం లేత కాడలకే.

---

నూనెపోపు:

కత్తిపీట గారు కోత గురించి అంతా చెప్పేశారు. పొయ్యి మీద జరిగే సంగతి నేను చెబుతాను.

పప్పుగుత్తి గారూ, మీరు మార్చాల్సిన మొదటి విషయం మూత. ఆకు వేడెక్కగానే దానిలోంచి పుల్లని ఆవిరి బయటికొస్తుంది. మూత పెడితే అది నీరై తిరిగి కూరలోనే పడుతుంది. ఆకులోని పత్రహరితం పులుపు తగిలి వేడిలో ఉంటే మెగ్నీషియం కోల్పోయి గోధుమరంగు కలిసిన పాకుడుపచ్చకి తిరుగుతుంది. మూత లేకపోయినా ఏడెనిమిది నిమిషాలు దాటితే ఇదే జరుగుతుంది, కాకపోతే ఆలస్యంగా. టమాటా, చింతపండు, నిమ్మరసం ముందే వేసినా ఇంతే. కాబట్టి పచ్చదనం కావాలంటే ఆకు చివర్న పడాలి, మూత ఉండకూడదు, పులుపు దించే ముందు కలవాలి.

రెండోది జిగురు. గొట్టంలో ఉండే ఆ తేట పదార్థం చాలావరకు నీరే, పెద్ద మంట మీద వెడల్పాటి మూకుట్లో వేస్తే ఒక నిమిషంలో ఇగిరిపోతుంది. చిన్న గిన్నెలో, సన్నసెగ మీద, గుట్టగా వేస్తే ఇగరడానికి చోటు లేక ముక్కలకి అంటుకుని తీగలు సాగుతుంది. పావుకిలో కాడలకి కనీసం పది అంగుళాల మూకుడు తీసుకోండి. అంతకు రెట్టింపు కాడలుంటే రెండు విడతలుగా వేయించండి. అరకిలో ఒకేసారి వేస్తే ఎంత మంట పెట్టినా అవి ఉడుకుతాయి తప్ప వేగవు.

మూడోది ఉప్పు. ఆకు పడగానే ఉప్పు వేస్తే నిమిషంలో నీళ్లొస్తాయి. తెల్లభాగంలో సగం ఉప్పు వేసి మిగతాది ఆకు వాడాక వేయండి. కుప్పగా కనిపించే ఆకు మూడోవంతుకి ముడుచుకుపోతుంది, ఆ కుప్పని చూసి ఉప్పు వేస్తే కూర ఉప్పు కషాయమే.

ఇక శనగపిండి కూర కొలతలు. శుభ్రం చేశాక 250 గ్రాముల కాడలకి (కొనేటప్పుడు 300 తీసుకోండి) నాలుగు టేబుల్ స్పూన్ల శనగపిండి, అంటే 30 గ్రాములకి కొంచెం అటూఇటూ. పిండిని ముందుగా నూనె లేకుండా సన్నసెగ మీద నాలుగైదు నిమిషాలు, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పక్కన పెట్టుకోండి. కూర ముద్దవడంలో పచ్చిపిండి పాత్ర కూడా ఉంది. పచ్చిపిండి ఉడకాలంటే నీళ్లూ మూతా కావాలి, ఆ రెండూ ఆకుకి పడవు. పిండి ముందే వేగి ఉంటే ఈ చిక్కే లేదు.

మూకుట్లో మూడు టేబుల్ స్పూన్ల నూనె, అర టీస్పూను ఆవాలు, అర టీస్పూను జీలకర్ర, రెండు ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి, కరివేపాకు. తర్వాత తెల్లభాగం, పావు టీస్పూను పసుపు, సగం ఉప్పు వేసి మధ్యస్థంగా మూడు నిమిషాలు. అంచులు మెత్తబడి అద్దంలా మెరిస్తే చాలు, ఎర్రబడక్కర్లేదు. మంట పూర్తిగా పెంచి ఆకు వేసి రెండు నిమిషాలు కలుపుతూ ఉండండి. అడుగున తడి కనిపించకూడదు. ఇప్పుడు మిగతా ఉప్పు (మొత్తం ముప్పావు టీస్పూను సరిపోతుంది), ఒక టీస్పూను కారం. మంట తగ్గించి వేయించిన పిండిని మూడు విడతలుగా చల్లుతూ, ప్రతిసారీ కలిపి, మళ్లీ చల్లండి. ఒకేసారి పోస్తే తడి ఉన్నచోట ఉండ కడుతుంది. పిండి మరీ పొడిగా ముక్కకి అంటకపోతే చేత్తో ఒక టేబుల్ స్పూను నీళ్లు చిలకరించండి, అంతకన్నా వద్దు. ఇంకో రెండు నిమిషాలు మూత లేకుండా వేయించి దించండి. ఈ కూరలో ఆకు కొంచెం రంగు తగ్గుతుంది, పిండి పసుపుదనం కలుస్తుంది. అది దోషం కాదు. బురదరంగైతే మాత్రం మూతా ఎక్కువసేపూ కారణం.

---

మక్కజొన్న:

అక్కా, నేనొకటి చెప్త. ఉల్లాకు కడిగినంక మంచిగ ఆరకుంటే పైన చెప్పిన ముచ్చట్లు ఎన్ని చేసినా నీళ్లే ఊరుతయి. రాత్రికి వండేదుంటే పొద్దుగాలనే కడిగి గుడ్డ మీద పరచి ఫ్యాను కింద పెట్టుండ్రి, అరగంటల ఆరుతది. కోసుడు మాత్రం పొయ్యి వెలిగించే ముందే. పొద్దుగాలనే కోసిపెడితే ఘాటు దిగుతది, వాసన మారుతది.

కోడిగుడ్లల్ల వేసేటప్పుడు చాలామంది ఆకు ముందు వేసి గుడ్లు తర్వాత కొడతరు. అట్ల జేస్తే ఆకుల నీళ్లు గుడ్లల్ల కలిసి పొరటు నీళ్లు నీళ్లయితది. నాలుగు గుడ్లకు 100 గ్రాములు ఉల్లాకు. తెల్లది, పచ్చిమిర్చి నూనెల మూడు నిమిషాలు గోలించి, పసుపు, ఉప్పు, గుడ్లు కొట్టి, సగం గట్టిపడ్డంక ఆకు వెయ్యాలె. ఒక్క నిమిషం తిప్పి దించుడే. గుడ్ల వేడికే ఆకు మెత్తబడతది.

---

పప్పుగుత్తి:

అందరికీ ధన్యవాదాలు. మూతా, ఆరబెట్టడం, విడదీయడం అర్థమయ్యాయి. ఇంకో రెండు అడుగుతాను. కొన్ని కట్టల్లో ఆకుల మధ్య నుంచి లావుగా, నిటారుగా ఒక కాడ వస్తోంది, కొసన మొగ్గ ఉంటోంది. పీచు అంతా దానిలోనే ఉన్నట్టుంది. అది తినొచ్చా? రెండోది, పచ్చడి చేదు ఎందుకొస్తోంది?

---

కత్తిపీట:

అది పూకాడ. మామూలు ఆకు మెత్తగా వంగుతుంది. పూకాడ గుండ్రంగా, గట్టిగా, నిటారుగా నిలబడి, సగం కంటే కొంచెం కింద బుడిపెలా ఉబ్బి ఉంటుంది. కొసన పలచటి పొరలో మూసుకుని మొగ్గ ఉంటుంది. మొగ్గ పొర ఇంకా విచ్చుకోకపోతే కాడ మధ్యలో విరిచి చూడండి. టప్‌మని విరిగితే లేతగా ఉన్నట్టు, అంగుళంలోపు ముక్కలు కోసి తెల్లభాగంతో పాటే ముందుగా వేయండి, ఆరేడు నిమిషాలు పడుతుంది. వంగి నారలు సాగితే పారేయడమే. పువ్వు విచ్చుకున్న కాడ ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు.

పూకాడ వేసిన మొక్క పాయ కూడా చూసుకోండి. నిలువుగా కోస్తే మధ్యలో పుల్లలా గట్టి భాగం ఉంటుంది, అది తీసేసి చుట్టూ ఉన్న పొరలు వాడుకోండి. కొనేటప్పుడే ఇలాంటి కాడలు ఎక్కువున్న కట్టని వదిలేయడం మేలు. చలికాలంలో, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మన సంతల్లోనూ రైతుబజార్లలోనూ మంచి లేత సరుకు దొరుకుతుంది. పాయ ఉసిరికాయ కంటే చిన్నగా, ఆకు మీద గోరుతో నొక్కితే తేలిగ్గా దిగేలా, వేర్లు ఇంకా తెల్లగా తడిగా ఉండేలా చూసి ఎంచుకోండి. వేర్లు ఎండి గోధుమరంగులో ఉంటే అది కోసి రోజులైన కట్ట. దాని ఆకు పైన నీళ్లు చల్లి నిగనిగలాడించినా సరే, వేరుని చూస్తే తెలిసిపోతుంది.

---

రోటిపచ్చడి:

చేదు సంగతి నేను చెబుతానండీ. ఉల్లిజాతిలో దేన్నైనా పచ్చిగా మిక్సీలో మెత్తగా తిప్పితే ఘాటుతో పాటు చేదు కూడా వస్తుంది. కణాలు చితికినప్పుడు వాటిలో విడివిడిగా ఉన్న గంధకపు పదార్థాలూ ఎంజైములూ కలిసి ఆ పని చేస్తాయి. నూనెలో మగ్గించి వేడి బాగా తగిలాక నూరితే ఎంజైము పనిచేయదు, చేదు రాదు. మీరు ఆకుని సగం పచ్చిగానో, లేక మరీ మాడ్చో నూరుతుండాలి. మాడిన ఆకు కూడా చేదే, పలచటి ఆకు అంచులు అర నిమిషంలో నల్లబడతాయి.

200 గ్రాముల కాడలు అంగుళం ముక్కలు కోయండి. రెండు టేబుల్ స్పూన్ల నువ్వులు, ఒక టీస్పూను ధనియాలు పొడిగా వేయించి తీసి, అదే మూకుట్లో నూనె వేసి ఎనిమిది పది ఎండుమిర్చి వేయించి తీయండి. తర్వాత తెల్లభాగం మూడు నిమిషాలు, ఆకు రెండు నిమిషాలు, తడి పోయేదాకా. దించే ముందు ఉసిరికాయంత చింతపండు దానిలోనే వేసి కలిపితే ఆ వేడికి మెత్తబడుతుంది. పచ్చడికి రంగు కోసం తాపత్రయపడక్కర్లేదు, రుచికి చింతపండు అక్కడ పడాల్సిందే. పూర్తిగా చల్లారాక ముందు మిర్చి, నువ్వులు, ధనియాలు, ఉప్పు పొడి చేసుకుని, చివర్న కాడలు వేసి మిక్సీని ఆపి ఆపి నాలుగైదుసార్లు తిప్పండి. కచ్చాపచ్చాగా ఉండాలి. ఆపకుండా తిప్పితే జిగురు సాగి పేస్టులా అవుతుంది. రోలు ఉంటే ఈ బాధే లేదు, పది దంపులు చాలు. నీళ్లు పోయకుండా నూరితే ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటుంది.

పెరుగుపచ్చడిలో పచ్చి ఆకు వేసేవాళ్లకి ఒక మాట. మూడు మిల్లీమీటర్లకి కోసిన ఆకుని చన్నీళ్లలో పది సెకన్లు ముంచి, గుడ్డలో మూటకట్టి పిండి వేయండి. ఘాటు తగ్గుతుంది, జిగురూ పోతుంది. కోశాక కడగకూడదన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు, ఎందుకంటే ఇక్కడ ఆకు వేగదు, ఘాటు తగ్గించడమే మన పని. వడ్డించే ముందే కలపండి, రెండు మూడు గంటలు పెరుగులో నానితే వాసన మారిపోతుంది.

---

గోదారిగట్టు:

ఎండురొయ్యల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆ కూర కోత గురించి కూడా చెప్పుకోవాలి. ఉల్లికాడలకి ఎండురొయ్యలు కుదిరినంతగా ఇంకేదీ కుదరదని నా గట్టి అభిప్రాయం. పావుకిలో కాడలకి 50 గ్రాముల రొయ్యలు. తలా, తోకా, కాళ్లూ గిల్లి, సన్నసెగ మీద నూనె లేకుండా మూడు నాలుగు నిమిషాలు వేయించి, గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడిగి గట్టిగా పిండండి. వేయించాక మిగిలిన కాళ్లు, మీసాలు విరిగి సులువుగా రాలిపోతాయి, అందుకే కడగడం తర్వాత. ఇసుక రొయ్యల్లోనూ ఉంటుంది, కాడల్ని ఎంత కడిగినా రొయ్యల్ని సరిగా కడగకపోతే లాభం లేదు.

నూనెలో రొయ్యలు రెండు నిమిషాలు, తెల్లభాగం నాలుగు నిమిషాలు, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి, ఒక టమాటా మెత్తబడేదాకా. ఆకు అంగుళం ముక్కలు ఆఖర్న వేసి మూత లేకుండా నాలుగైదు నిమిషాలు. రొయ్యల్లో ఉప్పు ఉంటుంది, కాబట్టి మామూలుగా వేసేదానిలో సగం వేసి, ఆకు వాడాక రుచి చూసి సరిచేసుకోండి.

పప్పులో వేసేవాళ్లు కుక్కర్లో పప్పుతో పాటే కాడలు వేస్తారు. మూడు కూతలకి ఆకు కరిగి పీచు మాత్రం మిగులుతుంది. పప్పు ఉడికి మెదిపాక, తెల్లభాగం పోపులో వేయించి, ఆకు పప్పులో వేసి నాలుగు నిమిషాలు తెర్లనిస్తే కాడ కాడలా ఉంటుంది. పులుపు కావాలంటే చింతపండు రసం ఆ తర్వాత.

---

డాలస్ వంట:

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక సవరణ. ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో గ్రీన్ ఆనియన్, స్కాలియన్ అని అమ్మే సన్న కాడలకి పాయ దాదాపు ఉండదు. అడుగు నుంచి కొస దాకా ఒకే లావు. పాయ ఊరినవి కావాలంటే స్ప్రింగ్ ఆనియన్ అని ఉన్నవి వెతకండి. సన్న రకంతో మన కూరలు చేస్తే తీపీ కమ్మదనమూ తగ్గుతాయి, ఎందుకంటే ఆ రెండూ పాయ ఇచ్చేవి. 250 గ్రాముల కాడలకి ఒక చిన్న ఎర్ర ఉల్లిపాయ సన్నగా తరిగి తెల్లభాగంతో కలిపితే లోటు తీరుతుంది. ఒక్కో కాడ మధ్యరకమైతే సుమారు 15 గ్రాములు తూగుతుంది, అంటే 250 గ్రాములకి పదహారు పదిహేడు కాడలు కావాలి. ఒక్క కట్టతో సరిపోదు.

లీక్స్ అని లావుగా ఉండేవి ఉల్లికాడలకి బదులు వాడకండి. ఆకు గొట్టంలా ఉండదు, బద్దలా చదునుగా ఉంటుంది. ముదురాకుపచ్చ భాగం చాలా గట్టి, మన పద్ధతిలో రెండు నిమిషాలకి వేగదు.

పైన ఫ్రైడ్ రైస్ మాట వచ్చింది కదా, తెల్లభాగం వెల్లుల్లితో పాటు నూనెలో మొదటే పడాలి, ఆకు మాత్రం పొయ్యి ఆపాక. అన్నం వేడికి అది మెత్తబడుతుంది. అన్నం చల్లారి పొడిపొడిగా ఉన్నా ఆకు తడిగా ఉంటే మెతుకులు అంటుకుంటాయి.

---

పప్పుగుత్తి:

రెండు కట్టలు కొంటే ఒకటి మిగిలిపోతోంది. కోసి డబ్బాలో పెట్టాలా, అలాగే ఉంచాలా? వేర్లు మళ్లీ నాటితే వస్తాయంటారు, నిజమేనా?

---

కత్తిపీట:

కోయకుండా, కడగకుండా, వేర్లతో అలాగే ఉంచండి. రబ్బరుబ్యాండు మాత్రం ఇంటికి రాగానే తీసేయాలి. అది నొక్కిన చోటే ముందు కుళ్లుతుంది. మట్టి దులిపి, పాడైన ఆకులు గిల్లి, పొడి నూలుగుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలోనో జిప్ సంచిలోనో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. అయిదారు రోజులు నిలుస్తాయి. గుడ్డ చెమ్మగిల్లితే మార్చండి. మూత లేకుండా పెడితే పాలకీ, వెన్నకీ వాసన పట్టేస్తుంది. ఇంకో పద్ధతి, గ్లాసులో రెండు సెంటీమీటర్ల నీళ్లు పోసి వేర్లు మునిగేలా నిలబెట్టడం. రోజు విడిచి రోజు నీళ్లు మార్చాలి, లేకపోతే వేర్లు జిగటగా మారి కంపు కొడతాయి. వేర్లు మాత్రమే మునగాలి, పాయ మొత్తం మునిగితే కుళ్లుతుంది.

కోసినవి మిగిలితే డబ్బా అడుగున పొడిగుడ్డ పరచి మూతపెట్టి రెండు రోజుల్లోపు వాడేయండి. ఎక్కువకాలం కావాలంటే బాగా ఆరిన ఆకు ముక్కల్ని పళ్లెంలో పలచగా పరచి ఫ్రీజర్లో గంటసేపు గట్టిపడనిచ్చి డబ్బాలోకి ఎత్తండి. అప్పుడు ముద్దకట్టవు. వాడేటప్పుడు కరిగించకుండా నేరుగా వేడి కూరలోకి, పప్పులోకి వేయండి. పైన చల్లుకోడానికి, పెరుగుపచ్చడికి పనికిరావు, మెత్తబడిపోతాయి.

నాటితే వస్తాయి. దానికోసం వేరు బిళ్ల దగ్గర కోయకుండా, మూడు నాలుగు సెంటీమీటర్ల తెల్లభాగం వేరుతో ఉంచి కోయండి. ఆరంగుళాల లోతున్న కుండీలో, వేర్లు మట్టిలోకి వెళ్లి తెల్లభాగం కొస పైకి కనిపించేలా, రెండంగుళాల ఎడంతో గుచ్చండి. ఎండ తగలాలి, మట్టి తేమగా ఉండాలి, నీళ్లు నిలవకూడదు. వారం పది రోజుల్లో కోతకొచ్చే ఆకు వస్తుంది. మట్టికి రెండంగుళాలు పైన కత్తెరతో కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది. ఉత్త నీళ్లలో పెంచితే రెండు కోతల తర్వాత ఆకు సన్నబడి రుచి తగ్గుతుంది, నీళ్లలో ఎరువుండదు కదా. కుండీలోనైతే నెలకోసారి గుప్పెడు పశువులెరువు వేస్తే చాలు.

ఇంట్లో మొలకెత్తిన ఉల్లిపాయలుంటే పారేయకండి. సగం మట్టిలో ఉండేలా పాతితే రెండు మూడు వారాల్లో లావు ఆకులు వస్తాయి. మొలక వచ్చేసిన పాయ తినడానికి అంత బాగుండదు కానీ ఆకుకి అది మంచి విత్తనం. పూకాడ కనిపించగానే అడుగుకంటా తుంచేయండి.

---

నూనెపోపు:

చివరగా ఒక్క జాగ్రత్త. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లు ఇంట్లో ఉంటే, ఈ ఆకులో విటమిన్ కె ఎక్కువని గుర్తుంచుకోండి. మానేయక్కర్లేదు. ఒక వారం రోజూ, మరో వారం అసలు లేకుండా తినడమే ఇబ్బంది. ఎంత తినాలో వాళ్ల డాక్టరుని అడిగి, ఆ మోతాదు మార్చకుండా తినాలి. ఇంట్లో కుక్క, పిల్లి ఉంటే కోసిన చెత్త వాటికి అందనీయవద్దు, ఉల్లిజాతి ఏదైనా వాటి రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. వండిన కూరైనా అంతే.